కయాక్‌లో సముద్ర వేట: కొనేముందు, ఒడ్డు దాటేముందు

కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. దాని ఫొటోలు చూస్తున్నప్పుడు అందరి కళ్లూ ముందు రాడ్ హోల్డర్ల మీదికే పోతాయి. ఎన్ని ఉన్నాయి, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ బిగించుకునే చోటుందా, సీటు మెత్తగా ఉందా? సముద్రం కోసం కొనేవాళ్లకు ఇవన్నీ తర్వాతి సంగతులు. ముందు ప్రతి వస్తువునూ ఒక్క ప్రశ్న అడగండి: ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో నేను నీళ్లలో పడితే, ఇది మళ్లీ పైకెక్కడానికి సాయపడుతుందా, అడ్డం పడుతుందా? పడవ ఎలా ఉండాలన్న దగ్గర్నుంచి కత్తి ఎక్కడ తగిలించుకోవాలన్న దాకా అన్నిటికీ ఇదే ప్రశ్న.

డబ్బు ఖర్చు పెట్టే వరస కూడా దీన్నిబట్టే ఉండాలి. ముందు లైఫ్ జాకెట్, తర్వాత తెడ్డు, ఆ తర్వాత కయాక్, మిగిలిన దాంతో రాడ్లూ గాలాలూ. ఉన్నదంతా పడవ మీద పోసి, జాకెట్ దగ్గరికొచ్చేసరికి ‘ఏదో ఒకటిలే’ అనుకునేవాళ్లు ఇంకో ఆర్నెల్లు ఆగి కొనుక్కోవడం మంచిది.

ఇక్కడ చెప్పేవి ఎక్కువగా విశాఖ తీరాన్ని, అంటే రుషికొండ నుంచి భీమిలి దాకా ఉన్న ఇసుక ఒడ్డును దృష్టిలో పెట్టుకుని చెప్పేవి. మీది కాకినాడ అయితే హోప్ ఐలాండ్ అడ్డు ఉంది కాబట్టి కెరటాలు తక్కువే, కానీ ఓడల రాకపోకలు ఉంటాయి. ఈత రాకపోతే మాత్రం ముందు ఈత నేర్చుకుని రండి. జాకెట్ ఉంది కదా అని ఈత రాకుండా సముద్రంలోకి వెళ్లే వేట కాదు ఇది.

ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి

కయాకుల్లో రెండు రకాలు. లోపల కాళ్లు పెట్టుకుని కూర్చునేది సిట్-ఇన్. పైన కూర్చునేది సిట్-ఆన్-టాప్. సిట్-ఇన్ బోల్తా పడితే లోపలికి నీళ్లు నిండుతాయి. అన్నేసి నీళ్లు తోడి, మళ్లీ అందులోకి దూరడం శిక్షణ ఉన్నవాళ్లకే కష్టం. సముద్రంలో వేటకు, అందులోనూ మొదటి పడవగా, సిట్-ఆన్-టాప్ తప్ప ఇంకోటి వద్దు.

ఇందులో కూర్చునే చోటి నుంచి అడుగు దాకా ఆరో ఎనిమిదో చిల్లులు ఉంటాయి. వాటిని స్కప్పర్ హోల్స్ అంటారు. కెరటం పైనుంచి కొట్టి పోతే ఆ నీళ్లు వాటిలోంచి కిందికి జారిపోతాయి. మన జాలర్లు తరతరాలుగా వాడిన తెప్ప పనిచేసేది కూడా ఇలాగే. పక్కపక్కన దుంగలు కట్టిన తెప్పలో నీళ్లు నిలిచే చోటే ఉండదు, వచ్చినవి వచ్చినట్టే సందుల్లోంచి కారిపోతాయి. కెరటాలు విరిగే ఒడ్డు మీంచి రోజూ వేటకు వెళ్లేవాళ్లు గుంటలా ఉండే పడవను కాకుండా తెప్పను ఎంచుకోవడం ఊరికే కాదు.

గాలి కొట్టే రబ్బరు కయాకులు డిక్కీలో పట్టేస్తాయని ఆశ పెడతాయి. తేలిగ్గా ఉంటాయి కాబట్టి గాలి వాటిని తోసుకుపోతుంది. పైగా గాలాలు, చేపల ముళ్లు, కత్తులు ఉన్నచోట అవి ఎన్నాళ్లు ఉంటాయి? చెరువుకైతే సరే.

పెడల్ కయాక్ గురించి తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. చేతులు ఖాళీగా ఉంటాయి, గాలికి ఎదురు వెళ్లడం సులువు, ఆ మాట నిజమే. కానీ ఖరీదు చాలా ఎక్కువ, బరువెక్కువ, తిరిగొచ్చేటప్పుడు లోతు తక్కువ నీళ్లలో కిందున్న రెక్కలు సకాలంలో పైకి తీయకపోతే ఇసుకకు తగిలి విరుగుతాయి. తెడ్డు పట్టుకుని కెరటం దాటడం చేతకాని మనిషికి పెడల్ ఏమీ నేర్పదు. అది రెండో పడవగా కొనుక్కోండి.

పొడవు, వెడల్పు, బరువు

సముద్రానికి 12 నుంచి 14 అడుగుల పొడవు బాగుంటుంది. పది అడుగుల లోపువి చెరువులో గిరగిరా తిరుగుతాయి గానీ, సముద్రంలో ప్రతి తెడ్డుకూ ముక్కు అటూ ఇటూ పోతుంది. నేరుగా పోయేది కావాలి. వెడల్పు 30 అంగుళాలకు కాస్త అటూ ఇటూ. ఇంకా వెడల్పయితే కూర్చోవడానికి దిటవుగా అనిపిస్తుంది, కానీ లాగడానికి బరువు. పైగా బోర్లా పడితే తిప్పడమూ కష్టమే.

మోయగల బరువు అని కంపెనీ రాసిన అంకెను పూర్తిగా నమ్మకండి. అందులో డెబ్బై శాతానికి మించకుండా చూసుకోండి. 150 కిలోలు అని ఉంటే మీరు, నీళ్లు, ఐసు పెట్టె, సామాను అన్నీ కలిపి 105 దాటకూడదు. దాటితే పడవ కిందికి దిగిపోయి, ఏ స్కప్పర్లలోంచి నీళ్లు బయటికి పోవాలో వాటిలోంచే లోపలికి వస్తాయి.

కయాక్ సొంత బరువు ముప్పై కిలోల పైమాటే. ఒక్కరే ఇసుకలో ఈడ్చుకుపోవాలంటే లావు టైర్ల ట్రాలీ ఉండాల్సిందే. ఉత్త ఇసుకలో ఈడిస్తే అడుగు అరిగిపోతుంది, ఎక్కువగా వెనక భాగం దగ్గర.

షాపులో చేయాల్సిన పనులు ఇవి. చెప్పులు విప్పి అందులో కూర్చోండి. మోకాళ్లు కొంచెం వంగి, పాదాలు ఆనాలి. కూర్చున్నచోటి నుంచే వెనక సామాను చేతికి అందుతుందా చూడండి. తర్వాత కింద నిలబడి, పడవ మధ్యలో పక్కన ఉన్న హ్యాండిల్ పట్టుకుని లాగండి. రేపు నీళ్లలో మీ బరువంతా వేలాడేది దాని మీదే. మూతల రబ్బరు అంచులు చుట్టూ వేలితో తడమండి, ఎక్కడైనా ఎగుడుదిగుడు ఉంటే నీళ్లు కారతాయి. లోపల డొల్ల కాబట్టి నీళ్లు నిండితే పడవ మొద్దుబారిపోతుంది. కొన్నాక ముందూ వెనకా లోపల ఫోమ్ కడ్డీలు కుక్కేయండి. వందల్లో అయిపోయే ఖర్చు, నీళ్లు చేరినా పడవ తేలుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే స్కప్పర్ చిల్లుల లోపలి అంచుల్లో పగుళ్లు వెతకండి, పాతవి ముందు పగిలేది అక్కడే. ఎండకు రంగు వెలిసి, గోరుతో గీరితే పొడి రాలుతున్నదాన్ని ఎంత చవకైనా వదిలేయండి.

రంగు విషయంలో ఒక్కటే మాట. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగులు వద్దు. కంపెనీలు ఫ్యాషన్ కోసం వాటినే ఎక్కువ చేస్తాయి. పసుపు గానీ నారింజ గానీ తీసుకోండి. ఇంజిన్ బోటు నడిపేవాడికి మీరు కనబడటం అందం కంటే ముఖ్యం.

తెడ్డు

కయాక్ వెడల్పుగా ఉంటే తెడ్డు పొడుగ్గా ఉండాలి. 30 అంగుళాల పడవకు 240 సెంటీమీటర్ల దరిదాపుల్లో సరిపోతుంది. పడవతో పాటు ఉచితంగా ఇచ్చే అల్యూమినియం తెడ్డు బరువుగా ఉంటుంది, గంట దాటేసరికి భుజాలు పట్టేస్తాయి. ఫైబర్‌గ్లాస్‌ది కాస్త ఖర్చయినా కొనండి, ఉచితంగా వచ్చినదాన్ని రెండు ముక్కలుగా విప్పి స్పేర్‌గా పడవ మీద కట్టుకోండి. తెడ్డుకు సాగే తాడు కట్టి పడవకు తగిలించాలి. తెడ్డు చేజారి కొట్టుకుపోయిందంటే పడవ ఉన్నా లేనట్టే.

లైఫ్ జాకెట్: ఇక్కడ కక్కుర్తి పడొద్దు

టూరిస్టు బోట్లలో ఇచ్చే నారింజ రంగు దిమ్మల జాకెట్ వేసుకుని తెడ్డు వేసి చూడండి. రెండు నిమిషాల్లో చంకలు ఒరుసుకుపోతాయి. ఒరుసుకుంటే విప్పేస్తారు, విప్పి పక్కన పెట్టిన జాకెట్ దేనికీ పనికిరాదు. కయాకింగ్ కోసమే చేసిన జాకెట్లకు చేతులు ఆడించేందుకు వెడల్పుగా కోత ఉంటుంది, వీపు కింది భాగంలో మెష్ మాత్రమే ఉండి సీటుకు అడ్డం రాదు.

తేల్చే శక్తిని న్యూటన్లలో రాస్తారు. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు, సాయం దగ్గర్లో ఉండే చోట్లకు. మనకు కావాల్సింది ఇదే తరహా, వీలైతే 70 దాకా. 100, 150 రాసి ఉన్నవి స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పడానికి చేసినవి, తెడ్డు వేసేవాడికి బరువు. నీళ్లు తగలగానే తనంతట తానే ఉబ్బే జాకెట్లు కయాక్‌కు పనికిరావు, మొదటి కెరటం చిమ్మగానే ఢాం అంటాయి. లోపలి ట్యాగ్ మీద ఐఎస్ఓ 12402 అన్న అంకె, న్యూటన్లు, సరిపోయే బరువు ఉన్నాయా లేదా చూడండి. ఏమీ రాయని జాకెట్‌ను షాపులోనే వదిలేయండి.

సైజు ఎలా చూడాలి? వేసుకుని, నడుము దగ్గర్నుంచి మొదలుపెట్టి పట్టీలు అన్నీ బిగించండి. పక్కనున్న మనిషిని రెండు భుజాల దగ్గరా పట్టి పైకి గట్టిగా ఎత్తమనండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది మీది కాదు. కదలకుండా ఉంటేనే కొనండి. తర్వాత ఒకసారి ఈత కొలనులో దాంతో దూకి, అది మిమ్మల్ని ఎలా తేలుస్తుందో చూసుకోండి.

జాకెట్ జేబులో ఉండాల్సినవి

ఫోన్, విజిల్, కత్తి మీ ఒంటి మీద ఉండాలి, పడవ మీద కాదు. మీరు పడిపోతే పడవ ఒక దారి, మీరు ఒక దారి కావచ్చు.

ఫోన్ రెండు పొరల వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో. తడి చేతులతో టచ్ స్క్రీన్ సరిగా పనిచేయదు, అందుకే బటన్‌తో పోయే ఎమర్జెన్సీ కాల్ ముందే సెట్ చేసుకోండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులకు 1093, ఏదీ గుర్తు రాకపోతే 112. ఈ మూడూ పడవ మీద, కళ్లెదురుగా, చెరగని మార్కర్‌తో రాసి పెట్టండి. టెన్షన్‌లో సొంత ఇంటి నంబరు కూడా గుర్తుకు రాదు.

విదేశాల్లో ఉండి వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ కయాకర్లు తేలిగ్గా వాడే శాటిలైట్ మెసెంజర్లు, శాటిలైట్ ఫోన్లు మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడమే నేరం. ఎయిర్‌పోర్టులోనే చిక్కుల్లో పడినవాళ్లున్నారు. ఓడలూ బోట్లూ మాట్లాడుకునే మెరైన్ వీహెచ్ఎఫ్ రేడియో మంచి వస్తువు, ఆపదలో పిలవడానికి 16వ ఛానెల్ ఉంది. కానీ దానికీ ఇక్కడ లైసెన్సు కావాలి. అందుకే ఫోన్ సిగ్నల్ దాటి పోకపోవడమే మొదటి ఏడాది నియమం.

కత్తి మొన లేనిది, పళ్లున్నది తీసుకోండి. నైలాన్ దారం కాళ్లకు చుట్టుకుంటే కోసుకోవడానికి అది, చేప కోయడానికి కాదు. ఏ చేత్తో అయినా అందేలా ఛాతీ మధ్యన తగిలించండి. లంగరు మొదట్లో అసలు వద్దు. తాడు బిగిసి, ప్రవాహం పక్క నుంచి తోస్తే పడవ క్షణాల్లో తిరగబడుతుంది. అలాగే మిమ్మల్ని మీరు పడవకు కట్టేసుకోకండి. కెరటాల్లో ఆ తాడే మెడకు చుట్టుకోవచ్చు.

మసక చీకటిలో బయల్దేరితే తెల్లటి వెలుగిచ్చే టార్చి చేతికందేలా ఉండాలి, అంతర్జాతీయ సముద్ర నిబంధనలు తెడ్డు పడవలను అడిగేది కూడా అదే. వెనక ఒక కడ్డీకి నారింజ రంగు జెండా కట్టండి, కెరటాల మధ్య పల్లంలో ఉన్నప్పుడు కనబడేది అదొక్కటే.

ఒంటి మీద ఏముండాలి

బంగాళాఖాతం నీళ్లు ఏడాదంతా గోరువెచ్చగానే ఉంటాయి. ఇక్కడ ప్రమాదం చలి కాదు, ఎండ. పొడుగు చేతుల బనియన్, మెడ మూసే టోపీ, గంటకు అర లీటరు చొప్పున నీళ్లు. జీన్స్ వేసుకుని ఎక్కినవాడు తడిస్తే ఈత కొట్టలేడు.

కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉండి ఇది చదువుతుంటే లెక్క మారుతుంది. ఏప్రిల్‌లో పైన ఎండ కాస్తున్నా నీళ్లు పదీ పన్నెండు డిగ్రీలు ఉండొచ్చు. అలాంటి నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీల్చడం మొదలవుతుంది. దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు మాట వినేది మహా అయితే పది నిమిషాలు. అక్కడ గాలిని చూసి కాదు, నీటిని చూసి బట్టలు వేసుకోవాలి: చన్నీళ్ల నుంచి ఒంటిని కాపాడే వెట్‌సూట్ గానీ డ్రైసూట్ గానీ.

గాలాలు పక్కన పెట్టి, ముందు పడటం నేర్చుకోండి

మెడలోతు ప్రశాంతమైన నీళ్లు, పక్కన ఒక మనిషి ఉన్నచోట ఈ సాధన చేయండి. రాడ్లు లేకుండా, జాకెట్‌తో.

కావాలనే పక్కకు వాలి పడిపోండి. తెడ్డునూ పడవనూ రెంటినీ వదలకండి. పడవ బోర్లా ఉంటే మధ్యకు వెళ్లి, అడుగు మీదుగా చేయి చాచి అవతలి హ్యాండిల్ అందుకోండి. ఇవతలి అంచు మీద మోకాళ్లు ఆనించి, వెనక్కి వాలిపోండి. మీ బరువుకే అది తిరుగుతుంది, కండబలం అక్కర్లేదు.

ఇప్పుడు ఎక్కడం. కొత్తవాళ్లు గోడ ఎక్కినట్టు నిట్టనిలువుగా వేలాడి లాగుతారు. అలా లాగితే పడవ మీ మీదికే తిరుగుతుంది. రెండు చేతులూ సీటు ముందు అంచు మీద వేసి, ముందు కాళ్లు కొట్టుకుంటూ ఒళ్లంతా నీటి మీదికి అడ్డంగా తెచ్చుకోండి. అడ్డంగా అయ్యాక ఒక్క తన్నుతో, చేతులు కిందికి నొక్కుతూ, పొట్ట మీద పడవపైకి జారండి. కాసేపు అలాగే బోర్లా పడుకుని ఊపిరి తీసుకోండి. తర్వాత ఒళ్లు తిప్పి సీట్లో కూర్చోండి, ఆఖరున కాళ్లు లోపలికి. పొట్ట, పిరుదులు, కాళ్లు, వరస ఇదే.

అలసిపోయి కూడా వరసగా ఐదుసార్లు ఎక్కగలిగితే సముద్రానికి సిద్ధం. లేకపోతే ఆ వారం కూడా చెరువే.

సముద్రం వైపు చూసేది గాలి కోసం

కొత్తవాళ్లను మోసం చేసేది పెద్ద కెరటాలు కాదు. వాటిని చూసి ఎవరైనా భయపడతారు. మోసం చేసేది నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి. అలాంటి రోజున ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా, చెరువులా ఉంటాయి, బయల్దేరడం హాయిగా ఉంటుంది. దూరం పోయేకొద్దీ గాలి బలం పెరిగి, తిరిగి రావడానికి ఎంత తెడ్డు వేసినా ఉన్నచోటే ఉంటారు. తెల్లవారుజామున విశాఖలో కొండ వైపు నుంచి వచ్చే గాలి సాధారణంగా మెల్లగానే ఉంటుంది, ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై ఒడ్డు వైపు తోస్తుంది. వర్షాకాలపు పడమటి గాలులు అలా మెల్లగా ఉండవు. ఒడ్డున చెట్ల ఆకులూ జెండాలూ సముద్రం వైపు ఊగుతుంటే దిగకండి. ఏ వైపు వీచినా గంటకు 15 కిలోమీటర్లు దాటితే మొదటి ఏడాది మీ పని కాదు. మీరు తెడ్డు వేసే వేగమే గంటకు నాలుగైదు కిలోమీటర్లు.

అలల ఎత్తు, గాలి, ప్రవాహం అంచనాలు హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది, జాలర్ల కోసమే. ఎత్తుతో పాటు అలకూ అలకూ మధ్య సెకన్లు కూడా చూడండి. ఒక మీటరు అల ఆరు సెకన్లకు ఒకటి వస్తే అల్లరి చేస్తుంది, అదే మీటరు పద్నాలుగు సెకన్లకు ఒకటైతే బయట మెత్తగా ఉంటుంది గానీ ఒడ్డున విరిగేటప్పుడు లేచి కొడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ గాలి లేకపోయినా దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి ఇలాంటివి వస్తుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీదికి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టడానికి జనవరి నుంచి మార్చి మంచి కాలం.

తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి పోతుంది. వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురు వెళ్లండి, అలసిపోయాక అదే ఇంటికి తెస్తుంది.

యాప్‌లన్నీ చూశాక ఒడ్డున వల బాగు చేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి సముద్రం ఎలా ఉందో అడగండి. ‘ఇవాళ వద్దు బాబూ’ అన్నాడంటే కయాక్ మళ్లీ కారెక్కాల్సిందే. ఆయన వల ఎక్కడ వేశాడో కూడా అడిగి, ఆ బెండ్ల దగ్గరికి పోకండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం మోటారు, మరబోట్లకు. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నా, ఆ రోజుల్లో కయాక్ దించేముందు మత్స్యశాఖ వాళ్లను అడగండి. మెరైన్ పోలీస్ స్టేషన్‌లో ఒకసారి కనబడి, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. నౌకాదళం, పోర్టు ఛానెల్ వైపు ముక్కు కూడా తిప్పకండి.

ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి: ఏ బీచ్, ఏ రంగు పడవ, ఎన్నింటికి తిరిగొస్తాను, ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే 1554కి చేయాలి.

దిగడం, తిరిగి రావడం

కెరటాలు గుంపులుగా వస్తాయి, మధ్యలో కాస్త తెరిపి ఉంటుంది. పది నిమిషాలు ఒడ్డునే నిలబడి గమనించండి. రాడ్లు, పెట్టె, అన్నీ పడుకోబెట్టి కట్టేయండి, నిలబెట్టిన రాడ్ కెరటంలో విరుగుతుంది లేదా మిమ్మల్నే గుచ్చుతుంది. మోకాలి లోతుకు తీసుకెళ్లి ముక్కు నేరుగా కెరటానికి పెట్టి, తెరిపి రాగానే కూర్చుని ఆగకుండా తెడ్డు వేయండి. ఎదురుగా కెరటం లేస్తే ఆగొద్దు. ఆగితే అది అడ్డం తిప్పేస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది వచ్చేటప్పుడే. అలసట, పైగా చేపలు పడ్డాయన్న ఉత్సాహం. కెరటాలు విరిగేచోటుకు బయటే ఆగి మళ్లీ అన్నీ కట్టండి. పెద్ద కెరటం వీపు వెనక ఉండగా కాదు, అది మిమ్మల్ని దాటి ముందుకెళ్లాక దాని వెనకాలే రండి. పడిపోతే పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడకండి. ముప్పై కిలోల పడవను కెరటం తోస్తే మోకాలు విరుగుతుంది. సముద్రం వైపునే ఉండి, దాన్ని ముందు పోనివ్వండి.

ఇక గాలాలు

ఒక రాడ్ చాలు. ఏడడుగులది, 4000 సైజు రీలు, ఇరవై ముప్పై గ్రాముల మెటల్ జిగ్‌లు, అంటే చేపలా కనబడే లోహపు ఎరలు, కొన్ని. మెల్లగా తెడ్డు వేస్తూ వెనక లాక్కెళ్తే పారలు, కానాగంతలు పడతాయి, అదృష్టం బాగుంటే చిన్న వంజరం. పొడుగాటి ముక్కు పట్టకార తప్పదు, అది కూడా తాడుతో కట్టి ఉండాలి.

ఒళ్లో పడ్డ ప్రతిదాన్నీ చేత్తో పట్టకండి. జెల్ల రెక్కల ముళ్లలో, టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఒడ్డుకొచ్చి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ భాగం ముంచి ఆస్పత్రికి వెళ్లండి. సముద్రపు పాము గాలానికి తగిలితే దారం దూరం నుంచే కోసేయండి. శీతాకాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వన్యప్రాణి చట్టం కింద రక్షితాలు. తగిలితే పడవ మీదికి లాగకుండా దారం గాలానికి వీలైనంత దగ్గరగా కోసి వదలండి.

ఇంటికొచ్చాక రీలు, పట్టీల బకిల్స్, కత్తి, ట్రాలీ చక్రాలు మంచినీళ్లతో కడగాలి. కయాక్ వెనక డ్రెయిన్ ప్లగ్ తీసి, ముక్కు పైకెత్తి, లోపల ఎన్ని నీళ్లు చేరాయో చూడండి. గ్లాసుడు అయితే పరవాలేదు. బక్కెట్టెడు వస్తే ఎక్కడ కారుతుందో కనిపెట్టేదాకా మళ్లీ సముద్రంలో దించకండి. జాకెట్ నీడలో ఆరేయండి, ఎండకు ఫోమ్ గట్టిపడుతుంది. డ్రెయిన్ ప్లగ్ మాత్రం అప్పుడే, అక్కడే తిరిగి బిగించేయండి.